ఖాళీ బరువు

పద్నాలుగో రోజు కూడా గిరిబాబు రాలేదు.

ఎందుకొస్తాడు? సిగ్గున్నవాడైతే కదా రావడానికి. తొమ్మిదేళ్లప్పుడు ముక్కు కార్చుకుంటూ అక్క కొంగు పట్టుకుని ఖరగ్‌పూర్ స్టేషన్లో దిగినవాడు. ఈ రెండు గదుల క్వార్టర్లోనే పెరిగాడు. పక్క పేట ఇందాలో ఎలక్ట్రిక్ సామాన్ల కొట్టు పెట్టుకున్నాడంటే అది ఎవరి చలవ? ఆ బావ ఇక్కడ ట్రాఫిక్ కాలనీలో, వసారాలో, నవారు మంచం మీద ఎండిపోతున్నాడు. తన పేరున ఉన్న బావ జాగా తిరిగి రాసివ్వకుండా, వీడు అక్కడ ఏసీ గదిలో కూర్చుని ఫ్యాన్లు అమ్ముకుంటున్నాడు.

తవిటయ్య లేచి కూర్చోబోయాడు. ఇప్పుడు లేవడమంటే మూడు విడతల పని. ముందు పక్కకు ఒత్తిగిలాలి. తరవాత మోచేతి మీద ఆనుకోవాలి. కళ్ల ముందు తేలే నల్లచుక్కలు పోయేదాకా ఆగి, అప్పుడు కాళ్లు కిందికి దించాలి. తొమ్మిదో రోజు ఒక్క ఊపున లేచి నేల మీద పడ్డాక నేర్చుకున్న పద్ధతి ఇది.

"మీనా! మిషను తేమ్మా."

మళ్లీ గట్టిగా పిలిచాడు.

"మీనాకుమారీ! సైరను కూసేసినాది. ఏటి సేస్తన్నావు? మిషను తే."

"తేను."

కూతురు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. బడికి వెళ్లడానికి తయారై ఉంది. భుజాన సంచీ, చేతిలో గొడుగు. బరువు చూసే మిషన్ను మాత్రం చంటిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెలకు హత్తుకుని ఉంది.

"తేనంటే ఏటి?"

"తేనంటే తేను. ఇది నేను సన్నబడ్డానికి కొనుక్కున్న మిషను నాన్నా. నువ్వు చచ్చిపోడానికి కాదు."

"నోర్ముయ్. ఇయాల్టి అంకె ఎయ్యాల."

"ఎక్కడ వేస్తావు? తలుపు నిండిపోయింది."

తలుపు నిండలేదు గానీ నిండడానికి దగ్గరగానే ఉంది. రైల్వేవాళ్ల ఆకుపచ్చ తలుపు మీద తెల్లరంగుతో, పైనుంచి కిందికి, పదమూడు అంకెలు. మొదటిది 71.6. నిన్నటిది 63.1.

తవిటయ్య వర్క్‌షాపులో అంకెలు రాసే పెయింటరు. ఇరవై ఏడేళ్లుగా అదే పని. మరమ్మతు అయిన ప్రతి వ్యాగన్నూ బయటికి పంపే ముందు తూస్తారు. దాని ఖాళీ బరువు ఎంతో పక్క రేకు మీద తెల్లరంగుతో రాస్తారు. షాపులో దాన్ని టేరు అంటారు. దాని కిందే, ఆ వ్యాగను మళ్లీ షాపుకు ఎప్పుడు తిరిగి రావాలో ఆ తారీఖు కూడా రాస్తారు. ఇప్పుడు అచ్చురేకులు పెట్టి తుస్సుమని రంగు కొట్టేస్తున్నారు గానీ, అచ్చురేకు పగిలిన రోజున ఫోర్మన్ పిలిచేది తవిటయ్యనే. చేత్తో రాసినా అచ్చేసినట్టు ఉండేది అతని అంకె.

ఉపవాసం మొదలుపెట్టిన రోజు అందరి ముందూ అన్నాడు: "నా టేరు నానే రాసుకుంతాను. గిరిబాబు వచ్చి సూడాల. నన్నెంత కాళీ సేసినాడో అంకెల్లో సూడాల."

అంకెలు చూడ్డానికి గిరిబాబు రాలేదు గానీ, అంకెల్లో వేరే సంగతి ఒకటి కనపడుతోంది. అది తవిటయ్యకు మాత్రమే తెలుసు. మొదటి ఐదూ నిటారుగా నిలబడ్డాయి. ఎనిమిదో రోజు నుంచి గీత వణికింది. 65లో ఐదు పొట్ట జారిపోయింది. నిన్నటి 63.1లో మూడు అయితే కాళ్లు విరిగిన సాలీడులా ఉంది. ఆకలి నాలుగో రోజుకే చచ్చిపోయింది. ఈ చెయ్యి వణకడమే అతణ్ణి తింటోంది.

గేటు దగ్గర టోటో, బ్యాటరీ రిక్షా, ఆగింది. తోలేవాడు తల బయటికి పెట్టి, ఇవాళ ఎంత బరువని రోజూ అడిగినట్టే అడిగాడు. "కాకూ, ఆజ్ కతో?"

"ఆజ్ బంద్!" అని అరిచింది మీనా. "ఇదేమైనా క్రికెట్ స్కోరా? జాఓ!"

టోటో వెళ్లిపోయింది. తవిటయ్యకు నవ్వొచ్చింది గానీ నవ్వితే పక్కటెముకలు నొప్పి. ఊరుకున్నాడు.

"సూడు మీనా. పద్నాలుగు దినాలు మోసినాను. ఇయాలో రేపో ఆడు దిగుతాడు. ఇప్పుడు నువ్వు అడ్డం పడకు."

"మావయ్య దిగడు. నువ్వే దిగిపోతావు, గోతిలోకి."

"ఏటే ఆ మాటలు?" వంటింట్లోంచి అప్పలకొండ గొంతు వినిపించింది. గొంతే వినిపించింది, మనిషి రాలేదు.

పక్క క్వార్టరు సూసన్న గేటు తీసుకుని వచ్చింది. రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. నాలుగో రోజు నుంచీ, ఎవరూ పిలవకుండానే, పొద్దున్నే బీపీ మిషన్ చంకలో పెట్టుకుని వస్తోంది. ఉపవాసం ఆమెకు కొత్త కాదు. ఈస్టరు ముందు నలభై రోజులు ఒంటిపూట ఉంటుంది. "అది దేవుడి కోసం అన్నయ్యా. నీలాగ మూడు మూరల మన్ను కోసం కాదు" అని రెండో మాటగా అంటుంది, ప్రతి రోజూ.

"నోరు తెరువు అన్నయ్యా."

తెరిచాడు. నాలుక సున్నం పూసినట్టు తెల్లగా ఉంది.

సూసన్న మొహం పక్కకు తిప్పుకుంది. "థిన్నరు తాగినావేటి? వాసనకి కళ్లు మండుతున్నాయి."

"దినమంతా అదే వాసన సెల్లీ. పెయింటు ముట్టి పద్నాలుగు దినాలైంది. నా నోట్లోంచే వస్తంది."

"కొవ్వు కాలితే వచ్చే వాసన అది. ఇన్నాళ్లూ ఒళ్లు కొవ్వు తింది. నీ దగ్గర కొవ్వు ఎంతుందేటి, అయిపోయింది. ఇప్పుడు కండని తింటంది." ఆమె పట్టీ చేతికి చుట్టింది. చుట్టిన తరవాత ఇంకో చుట్టుకు సరిపడా పట్టీ మిగిలింది. "గుండె కూడా కండే అన్నయ్యా. అది నీ పంతం ఇనదు."

గాలి కొట్టింది, వదిలింది, మళ్లీ కొట్టింది. అంకె చెప్పలేదు.

"ఎంతమ్మా?"

"నీకు అంకెల పిచ్చి. చెప్పను. తొంభై లేదు, అది చాలు. పడుకుని లేస్తే కళ్లు తిరుగుతన్నాయా?"

"కొంచెం."

"చలి?"

శ్రావణమాసం ఉక్కపోతకు సూసన్న జాకెట్టు తడిసి వీపుకు అంటుకుపోయింది. తవిటయ్య కాళ్ల మీద దుప్పటి ఉంది. ఆమె జవాబు కోసం ఆగలేదు. అతని ముంజేతికి ఉన్న గడియారాన్ని ఒక వేలుతో తోసింది. అది మోచేతి దాకా జారిపోయింది.

"పెళ్లికి కొన్న వాచీ ఇది. అప్పుడు పట్టక రెండు కన్నాలు కొట్టించినాను" అన్నాడు తవిటయ్య. చెప్పుకోదగ్గ గొప్ప ఏదో చెబుతున్నట్టు ఉంది గొంతు. నిజానికి అతనికి కొంచెం గర్వంగానే ఉంది. మొన్న అద్దంలో చూసుకుంటే కణతలు లోపలికి పోయి, దవడ ఎముక బయటికొచ్చి, చచ్చిపోయిన వాళ్ల నాన్న మొహం కనబడింది. 'చూడు నాన్నా, ఎవడికీ లొంగలేదు' అనుకున్నాడు.

అప్పలకొండ ఉప్పునీళ్ల గ్లాసు పట్టుకుని వచ్చింది. రోజూ ఇదే వేళ. గ్లాసు అందించడానికి చెయ్యి చాపింది. గాజులు గలగల్లాడుతూ మణికట్టు మీద ఆగాయి. అతను గ్లాసు అందుకున్నాక, మొహం మీద పడ్డ జుట్టు తీసుకోవడానికి చెయ్యి పైకెత్తింది.

గాజులు మోచెయ్యి దాటి పోయాయి.

తవిటయ్య నీళ్లు తాగుతున్నాడు. అతను చూడలేదు. సూసన్న చూసింది.

"వదినా, ఇలా కూకో."

"నాకేటి? పొయ్యి మీద పాలున్నాయి."

"పాలు పొంగనీ. చెయ్యి ఇలా తే."

"నాకేటీ నేదు సూసన్నా. ఆయన్ని సూడు."

"పద్నాలుగు రోజులై ఆయన్నే చూస్తన్నాం. తప్పు మాదే." సూసన్న చెయ్యి లాగి పట్టీ చుట్టింది. మళ్లీ అలాగే, ఒక చుట్టు మిగిలింది.

రబ్బరు బుడగ బుస్సుబుస్సుమని ఆగింది. వంటింట్లో పాలు పొంగి పొయ్యి మీద చుయ్యిమన్నాయి. అప్పలకొండ కదలలేదు. అది చూసి మీనాకు భయం వేసింది. పాలు పొంగినా కదలని తల్లిని ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదు.

మీనా వెళ్లి పొయ్యి ఆపి వచ్చింది. మిషన్ను నేల మీద పెట్టింది.

"నాన్నా, ఇదిగో మిషను. ఎక్కుదువు గాని. కానీ ముందు అమ్మ ఎక్కాలి."

"దానికెందుకు?"

"అమ్మ ఎక్కితేనే నీకు."

"నాకు పనుంది" అని అప్పలకొండ లేవబోయింది.

తవిటయ్యకు చిరాకేసింది. పొద్దు ఎక్కిపోతోంది. రోజూ ఒకే వేళకు తూస్తేనే లెక్క. "ఎక్కియ్యే! ఎక్కి దిగితే ఏటి పోద్ది? నాకు లేటైపోతంది!"

మొగుడు కసిరాడు కాబట్టి ఎక్కింది. ఇరవై ఏడేళ్లుగా అంతే. కసిరితే చేసేస్తుంది. చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని, ఒక కాలు, తరవాత ఇంకో కాలు. ఎర్ర అంకెలు పరుగెత్తి పరుగెత్తి ఆగాయి.

47.9.

మీనా ఫోను తీసింది. వేలుతో పైకి తోసుకుంటూ వెతికింది. "కిందటి దుర్గా పూజలప్పుడు కొన్నాను మిషను. ఆవేళ ముగ్గురం ఎక్కినాం. రాసి పెట్టుకున్నాను. అమ్మ, 55.3."

"మిషను పాడైపోనాది" అన్నాడు తవిటయ్య వెంటనే.

"అయితే నీ పదమూడు అంకెలూ కూడా తప్పే. చెరిపేయనా?"

అతను తలుపు వైపు చూశాడు. పెళ్లాం వైపు చూశాడు. ఎంత కాలమైందో ఆ మనిషి వైపు అలా చూసి. మెడ కింద రెండు గుంటలు. జాకెట్టు భుజాల దగ్గర వేలాడుతోంది, ఎవరిదో అడిగి తొడుక్కున్నట్టు. పెదవుల చివర పగుళ్లు. ఇవన్నీ అతను రోజూ అద్దంలో చూసుకుంటున్నవే. తన మొహంలో చూసి మురిసిపోతున్నవే.

"ఏటి తింతన్నావే నువ్వు?"

"తింతన్నాను."

"ఏటి?"

"ముఢీ, మరమరాలు. టీ తాగుతన్నాను. నిన్న అరటిపండు తిన్నాను, ఉండు, మొన్న."

"అన్నం?"

అప్పలకొండ మిషన్ మీంచి దిగి, కుచ్చిళ్లు సర్దుకుంది.

"అన్నం సంగతి అడుగుతన్నాను!"

"రోజూ నాకు బాక్సు కడతాది" అంది మీనా. "రాత్రి నాకు పెడతాది. 'నువ్వు తినీ, నాను ఎనక తింతాను' అంటాది. నేను తిని పడుకుంటాను. నమ్మేశాను నాన్నా. ఇద్దరం నమ్మేశాం."

తవిటయ్య లేచాడు. మూడు విడతల్లో కాదు, ఒక్కసారిగానే లేచాడు. కళ్లు చీకట్లు కమ్మాయి. సూసన్న పట్టుకోబోతే చెయ్యి విదిలించి, గోడ పట్టుకుని నిలబడి, గోడ వెంటే వంటింట్లోకి నడిచాడు.

పద్నాలుగు రోజులుగా ఆ గుమ్మం తొక్కలేదు. పోపు వాసన వస్తే పంతం జారిపోతుందని. ఇప్పుడు ఏ వాసనా లేదు, మాడిన పాలు తప్ప.

కంచాల అరలో మీనా ప్లేటు కడిగి బోర్లించి ఉంది. దాని పక్కన అతని కంచం. పెద్ద స్టీలు కంచం, పెళ్లికి వచ్చింది. అంచు మీద చుక్కచుక్కలుగా తన పేరు చెక్కి ఉంటుంది. దాని మీద దుమ్ము పేరుకుంది. వేలుతో గీశాడు. నున్నటి గీత పడింది.

అర అంతా చూశాడు. గిన్నెలు, మూతలు, గ్లాసులు, చుట్టాలొస్తే తీసే నాలుగు ప్లేట్లు పైన అట్టపెట్టెలో. ఇంకేమీ లేదు.

"నీ కంచం ఏదే?"

అప్పలకొండ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. "అదే కదేటి."

"ఇది నాది."

"నువ్వు తిని లేచినాక నాను కూకుంతాను కదా. ఇంకో కంచం ఎందుకు?"

అవును. పెళ్లైన నాటి నుంచీ అంతే. వాళ్లమ్మ అలాగే తినేది, వాళ్లమ్మమ్మ అలాగే. అతను చెయ్యి కడుక్కుని లేస్తాడు. ఆమె అదే కంచంలో, అతను వదిలిన కూర పక్కన, తన అన్నం పెట్టుకుంటుంది. అతను ముందు తినాలి, ఆమె తరవాత తినాలి. వాళ్లింట్లో ఎవరూ దీన్ని నియమం అనుకోలేదు. పొద్దున్నే లేవడం లాంటిది అది. అతను తినడం మానేస్తే ఆమె ఎప్పుడు కూర్చోవాలి? ఆ సంగతి అతను ఆలోచించలేదు. పద్నాలుగు రోజుల్లో గిరిబాబు గురించి వెయ్యిసార్లు ఆలోచించాడు.

"నాను నీలాగ ఉపాసం పట్టనేదు" అంది అప్పలకొండ. కోపం లేదు గొంతులో. అలిసిపోయిన గొంతు. "పంతం నీది. నాకేటి పంతం? నీకు నీళ్లిచ్చి ఇటొస్తే ఆ కంచం కనపడతది. తియ్యబుద్ధి అవదు. ఏరే ప్లేటు తీద్దామనుకున్నాను ఒకనాడు. పెట్టుకున్నాను కూడా. ముద్ద దిగనేదు. కుక్కకేసినాను."

"సెప్పొచ్చు కదే!"

"ఎవులికి సెప్పాల?" ఇప్పుడొచ్చింది కోపం. "ఎవులికి? ఆరో దినాన ఇందా ఎల్లినాను. నీకు తెల్దు. ఆడి కొట్టు ముందర స్టూలు మీద కూకున్నాను. 'అప్పా, టీ తాగు' అన్నాడు. తాగనేదు. 'ముందు బావని తినమను, నాను మాటాడతాను' అన్నాడు. ఇక్కడికొస్తే నువ్వేటన్నావు? 'ముందు ఆణ్ణి మాటాడమను, నాను తింతాను' అన్నావు. ఇద్దరూ ఒకే మాట. ఇద్దర్నీ ఎత్తుకు పెంచినట్టే ఉంది నాకు. ఒకడు తమ్ముడు, ఒకడు మొగుడు. మజ్జిన నానేటి, పట్టా మీద పెట్టిన నాణెమా? ఎటునించి రైలొచ్చినా నలిగేది నానే."

తవిటయ్య అక్కడే పీట మీద కూలబడ్డాడు.

సూసన్న, మీనా గుమ్మంలోకి వచ్చారు గానీ లోపలికి రాలేదు.

తొమ్మిదేళ్ల కిందటి మాట అతనికి గుర్తుకొచ్చింది. ఇందాలో జాగా, ఇక్కడి బెంగాలీ కొలతల్లో మూడు కాఠాల ఐదు ఛటాకులు, బేరం కుదిరిన రోజు. షాపులో టీ దగ్గర ఎవడో అన్నాడు, ఊళ్లో సొంత జాగా ఉన్నట్టు తెలిస్తే క్వార్టరు లాగేస్తారని. ఆఫీసులో ఒక కాగితం ఇస్తే సరిపోయేదట, ఆ సంగతి తరవాత తెలిసింది. ఆఫీసంటే అతనికి భయం. ఆరో క్లాసుతో బడి మానేసినవాడికి కాగితమంటే పాముతో సమానం. అందుకే గిరిబాబు పేరున రాయించాడు. అప్పుడు అప్పలకొండ అంది, "పిల్ల పేరున పెట్టు" అని. "పెళ్లై పోయే ఆడపిల్ల పేరునా? గిరి మన దగ్గరే ఉంతాడు" అన్నాడు తను. తనే అన్నాడు. ఆ మాట పద్నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా గుర్తుకు రానివ్వలేదు.

బయట వాన మొదలైంది.

"గంజి ఉందేటి?" అన్నాడు తవిటయ్య.

అప్పలకొండ సరిగా వినలేదనుకుంది. "ఏటి?"

"గంజి. పొద్దున మీనా బాక్సుకి వండినావు కదా. వార్చినావా?"

మీనా గొడుగు కింద పడేసింది.

"ఆగండి, ఆగండి!" సూసన్న లోపలికి దూసుకొచ్చింది. ఇప్పుడు ఆమె పక్కింటి మనిషి కాదు, వార్డులో నర్సు. "ఇన్నాళ్లు ఎండిన పేగు. ఒకేసారి గ్లాసు ఎత్తేస్తే గుండె ఆగిపోతాది, చూసినాను నేను. ఇంట్లో ఇచ్చేది కాదిది. ఆసుపత్రికి ఎల్లాలి, రక్తం చూడాలి, వాళ్లు చెప్పినట్టే పట్టాలి. మీనా, ఆ టోటో అబ్బాయికి ఫోను కొట్టు. ఇద్దరినీ తీసుకెళ్తాను. ఎల్లే ముందు గొంతు తడవడానికి, రెండు చెంచాలు. ఇద్దరికీ. అంతకు మించితే మీ ఇద్దరి చేతులూ కట్టేస్తాను."

తవిటయ్య తలాడించాడు. కంచం తీశాడు. నీళ్ల దగ్గరికి తీసుకెళ్లి తనే కడిగాడు. అప్పలకొండ అడ్డం వస్తే మోచేత్తో తోశాడు. రెండుసార్లు కంచం చేతిలోంచి జారింది. స్టీలు చప్పుడుకి పక్క క్వార్టర్లో కుక్క మొరిగింది. కడిగి, పంచెతో తుడిచి, పీట ముందు పెట్టాడు. అందులో చిన్నగిన్నెతో గంజి పోశాడు, ఉప్పు వేశాడు.

"కూకో."

"నువ్వు ముందు."

"నువ్వు ముందు."

"ఓలమ్మ, ఎప్పుడైనా ఉందా? నువ్వు తినీ, నాను ఎనక..."

"కూకోమన్నానా!"

"కసరకు. ఈసారి కసిరితే ఇనను."

ఇద్దరూ కంచం అటూ ఇటూ తోసుకున్నారు. గంజి ఒలికిపోతోంది. పుల్లల్లాంటి నాలుగు చేతులు, మధ్యన ఒక కంచం.

"మీ ఇద్దరినీ కలిపి మిషను ఎక్కించినా మన సమూయేలు మావయ్య అంత తూగరు" అంది మీనా, ఏడుస్తూనే. సమూయేలు సూసన్న మొగుడు. సూసన్న ముందు ఉరిమి చూసింది. తరవాత ఆమే ముందు నవ్వింది.

తవిటయ్య చెంచా తీసుకుని, గంజి ముంచి, పెళ్లాం నోటి ముందు పెట్టాడు. చెయ్యి వణుకుతోంది. చెంచాలో గంజి వణుకుతోంది.

"తొరగా తాగు. ఎక్కువసేపు పట్టుకోలేను."

తాగింది. పెళ్లై ఇరవై ఏడేళ్లకు, ఆ ఇంట్లో ఆమె మొగుడి కన్నా ముందు తిన్న మొదటి చెంచా అది. రెండోది ఆమే తాగింది. తరవాత అదే చెంచాతో అతనికి పట్టింది.

నాలుక మీద ఉప్పు తగిలింది. తవిటయ్యకు చెవుల్లో హోరు పుట్టింది. దవడలు నొప్పెట్టాయి. గంజి గొంతులోంచి దిగుతుంటే అది ఎక్కడి దాకా వెళ్లిందో వేలు పెట్టి చూపించగలిగేటట్టు తెలిసింది. నుదుట చెమట పట్టింది. పద్నాలుగు రోజుల తరవాత చెమట. రెండో చెంచాకు కళ్లల్లోంచి నీళ్లొచ్చాయి. ఏడుపు కాదు అన్నాడు. ఎవరూ అడగలేదు.

"చాలు" అని సూసన్న గిన్నె లాగేసింది.

అప్పుడు గేటు దగ్గర స్కూటరు ఆగింది. మీనా తొంగి చూసింది. టోటో కాదు.

"మావయ్య."

గిరిబాబు వానలో తడిసి ముద్దయి ఉన్నాడు. హెల్మెట్ తీయలేదు. చొక్కా లోపల ఏదో ప్లాస్టిక్ కవరు దాచుకుని ఒక చేత్తో అదిమి పట్టుకున్నాడు. వసారా దాకా వచ్చి ఆగిపోయాడు. మొదట తలుపు కనపడింది వాడికి. పైనుంచి కిందికి పదమూడు అంకెలూ చదివాడు. తరవాత, కూతురి భుజం పట్టుకుని వసారాలోకి వస్తున్న బావ కనపడ్డాడు. ఆ వెనకే వచ్చిన అక్క కనపడింది.

అక్కను చూసి వాడి మొహం పాలిపోయింది.

"అప్పా... నువ్వేటి ఇలగైపోనావు?"

అప్పలకొండ పెదవి మీద గంజి మెతుకు ఉంది. కొంగుతో తుడుచుకుంది.

"బావా, తిన్నావా?"

"తిన్నాను."

"నానింకా ఏటీ సెప్పనేదు కదా!"

"నీ కోసం తిననేదు" అన్నాడు తవిటయ్య.

కవరు మీద గిరిబాబు చెయ్యి బిగిసింది. అందులో ఏముందో, సంతకం పెట్టిన కాగితమో, లాయరు నోటీసో, ఉత్త కరెంటు బిల్లో, తవిటయ్య అడగలేదు. పొద్దున్న అయితే లాక్కుని చూసేవాడు.

"మీనా, డబ్బా తే. బ్రష్షు తే."

"బరువా నాన్నా?"

"కాదు. బరువులైపోయినాయి."

తలుపు దగ్గర పీట వేయించుకుని కూర్చున్నాడు. తెల్లరంగు డబ్బా మూత తీశాడు. బ్రష్షు ముంచి, అంచుకు రెండుసార్లు ఒత్తి, నిన్నటి 63.1 కింద ఆనించాడు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు, కొత్తగా పనిలో చేరినప్పుడు పట్టుకున్నట్టు. ఊపిరి బిగబట్టాడు. ఒక మాట రాశాడు. ఒక అంకె వేశాడు. మూడు. దాని పైపొట్టా కిందిపొట్టా గుండ్రంగా తిరిగి నిలబడ్డాయి. ఆ పక్కన ఇంకో మాట, ఇంకో అంకె, ఆఖరి మాట.

దాని కింద, వ్యాగను మీద తిరిగి రావలసిన తారీఖు వేసే చోట, ఒక గీత గీసి ఖాళీగా వదిలేశాడు. బ్రష్షు డబ్బా మీద పెట్టాడు.

గిరిబాబు హెల్మెట్ తీశాడు. వాన నీళ్లు మొహం మీంచి కారుతుండగా, తలుపుకు దగ్గరగా వచ్చి, రాసింది పైకి చదివాడు, చిన్నప్పుడు ఈ వసారాలోనే బావ దగ్గర అక్షరాలు కూడబలుక్కున్నట్టు.

"ఇందా. మూడు కాఠాలు. ఐదు ఛటాకులు."